మంచుకొండ లిఫ్టు టిక్కెట్టు: ధర యెంత, విలువ యెంత?

(మన సంఘపు సంక్రాంతి సమ్మేళనమున చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు కోరినప్పుడు, నేను పిల్లల తెలుగు చదువును గూర్చియో, గ్రంథాలయమును గూర్చియో ముచ్చటింతునని మీలో పెక్కుమంది తలచి యుందురు. ఆ విషయములను మనము ప్రతి సంవత్సరమును చర్చించుచునే యున్నాము. ఈసారి బీదరు ఎండలకు బొత్తిగా పొసగని విషయమును తీసికొంటిని. అది మంచుకొండలమీద జారుడాట. ఆ ఆటకై కొండపైకి మోసికొనిపోవు లిఫ్టునకు ఇచ్చెడి టిక్కెట్టు ధర న్యాయమైనదా, కాదా అన్నదే నేటి ప్రశ్న.

ఈ ప్రశ్న నేను కల్పించినది గాదు. మన కుటుంబముల పిల్లలు ఇప్పుడు డెన్వరులోను, సాల్ట్ లేక్ సిటీలోను, ఇంకను దూరమందలి నగరములలోను చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. శీతకాలము రాగానే వారు స్నేహితులతో కొండలకు పోవుట, ఒక దినపు టిక్కెట్టునకు ఇరువది యెనిమిది వేల రూపాయలైనవని ఇంటికి చెప్పుట, ఇక్కడ పెద్దలు గుండె చేతబట్టుకొనుట ఏటేట జరుగుచున్నది. మన వారాంతపు కూటములలో ఇది రెండు మూడు పర్యాయములు వాదమునకు వచ్చినది. ఒకరు "దుబారా" అనిరి. మరియొకరు "వారి సంపాదన, వారి యిష్టము" అనిరి. రెండు మాటలలోను లెక్క లేదు. లెక్క లేని వాదము ఎంతసేపు జరిగినను తెగదు.

నేను మెట్రిక్యులేషను వరకు చదివి, బీదరు గంజ్‌లో పప్పుధాన్యముల వ్యాపారము చేసికొనుచున్నవాడను. మంచుమీద జారినవాడను గాను. అయినను ధర యనునది ఏ దేశమునందైనను ధరయే. కందులకైనను, కొండకైనను దానిని విప్పి చూచు పద్ధతి ఒక్కటే. అసలెంత, ఖర్చెంత, తరుగెంత, లాభమెంత, గిరాకి యెట్టిది అని అడుగవలెను. ఆ పద్ధతిలోనే ఈ విషయమును మీ ముందుంచెదను.

ముందుగా వస్తువేమో తెలిసికొందము. స్కీయింగు అనగా కాళ్ళకు పొడవైన పలకలను బిగించుకొని మంచు వాలుమీద క్రిందికి జారుట. దిగుట నిమిషముల పని. ఎక్కుట గంటల పని. పూర్వము జారువారు తమ పలకలను తామే మోసికొని కొండ నెక్కెడివారు. దినమునకు రెండు మూడు మారులు దిగిన చాలును, ఒడలు అలసిపోయెడిది. కావున ఈ ఆటలో అమ్మబడు సరకు మంచు కాదు, కొండయు కాదు. ఎక్కెడి శ్రమను తప్పించుటయే ఆ సరకు. ఈ సంగతిని మనసున నుంచుకొనిన తక్కిన లెక్క సులభమగును.

ఆ శ్రమను తప్పించుటకు 1908లో జర్మనీ దేశపు బ్లాక్ ఫారెస్టు ప్రాంతమున షోలాక్ అను పల్లెలో రాబర్ట్ వింటర్‌హాల్డర్ అను పూటకూళ్ళ యజమాని నీటిమర బలముతో తిరుగు తాడును అమర్చెను. తన యింట దిగిన అతిథులు దానిని పట్టుకొని వాలు నెక్కెడివారు. 1934లో స్విట్జర్లాండులోని దావోసున ఎర్న్‌స్ట్ కాన్‌స్టమ్ అను ఇంజనీరు మనుష్యులను నడుము వెనుకనుండి లాగు లిఫ్టును నిర్మించెను. పిమ్మట 1936లో అమెరికాలో ఐడహో రాష్ట్రపు సన్ వ్యాలీయందు మొదటి కుర్చీ లిఫ్టు వెలసినది. దాని పుట్టుక వ్యాపారస్థులకు ముచ్చట గొలుపును. యూనియన్ పసిఫిక్ రైలు సంస్థలో పనిచేయు జేమ్స్ కర్రన్ అను ఇంజనీరు, ఓడలలోనికి అరటిగెలలను ఎక్కించు యంత్రమును ఎరిగినవాడు. కదలెడి తీగకు కొక్కెములు, కొక్కెములకు గెలలు. గెల యుండు చోట కుర్చీ నుంచిన మనిషి యేల పోడు అని ఆతడు తలచెను. ఆ విధముగా అరటిపండ్ల హమాలీ పని కొండలమీది విలాసమునకు మూలమైనది.

ఇక ధరకు వత్తము. కొలరాడోలోని వేయిల్ అను కొండ ఈ వ్యాపారమున ప్రసిద్ధికెక్కినది. రెండవ ప్రపంచ యుద్ధమున పర్వత సైన్యమునందు పనిచేసిన పీట్ సైబర్ట్, ఆ కొండలలో తిరిగిన ఎర్ల్ ఈటన్ కలిసి దానిని 1962 డిసెంబరులో తెరచిరి. అప్పుడు దినపు టిక్కెట్టు 5 డాలర్లు. 2024–25 శీతకాలమున రద్దీ దినములలో అదే కొండమీద గవాక్షమువద్ద కొనెడి టిక్కెట్టు 329 డాలర్లు. అనగా మన రూకలలో సుమారు 28 వేలు. అరువది రెండేండ్లలో అన్ని ధరలును పెరిగినవి గదా యని మీరనవచ్చును. నిజమే. కాని అమెరికాలో సామాన్య ధరల పెరుగుదలను బట్టి చూచిన నాటి 5 డాలర్లు 2024 నాటి 52 డాలర్లకు సమానము. మిగిలిన 277 డాలర్లకును వేరొక కారణమును వెదకవలసి యున్నది.

ఆ కారణములలో మొదటిది ఖర్చు. దీనిని తేలికగా త్రోసివేయరాదు. సన్ వ్యాలీ నాటి కుర్చీ తీగకు శాశ్వతముగా బిగించినది. మనుష్యులు కూర్చుండవలెను గనుక మెల్లగా నడువవలసినదే. 1981లో అదే కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జి కొండమీద నలుగురు కూర్చుండు క్రొత్త లిఫ్టును పెట్టిరి. ఎక్కు చోటను దిగు చోటను కుర్చీ వేగపు తీగను వదలి మెల్లగా కదలును, మధ్యదారిలో రెండింతల వేగముతో పోవును. అట్టి యంత్రముల వెల కోట్ల రూపాయలలో నుండును. మంచు పడని దినములలో నీటిని చిమ్మి మంచుగా మార్చు మరలు కావలెను. రాత్రివేళ వాలులను చదును చేయు బండ్లు కావలెను. హిమపాతము విరుగబడు ప్రమాదమున్న చోట్ల ముందుగానే ప్రేలుడు పదార్థములతో దానిని జార్చివేయు రక్షకదళము కావలెను. వేయిల్ కొండ ప్రభుత్వ అడవిలో నున్నది. అడవిశాఖకు రుసుము చెల్లింపవలెను. ఇవన్నియు నాలుగైదు నెలల గిరాకిమీదనే రావలెను. మన ఊరిలో ఐసు వ్యాపారి వేసవి నాలుగు నెలలలో ఏడాది భత్యమును రాబట్టుకొనుట మనకు వింత గాదు.

తీగమీద నడుచు యంత్రమునకు మరమ్మతు, పరీక్ష అనునవి కంటికి కనబడని ఖర్చులు. అవి తగ్గినచో ఏమగునో మన దేశమునందే చూచితిమి. 2017 జూన్ 25వ తేదీన కాశ్మీరమందలి గుల్మార్గులో పెనుగాలికి చెట్టు విరిగి తీగపై పడగా, ఒక పెట్టె నేలగూలి ఏడుగురు మరణించిరి. 2022 ఏప్రిలులో ఝార్ఖండు రాష్ట్రపు దేవఘర్ సమీపమున త్రికూట పర్వతపు రోప్‌వే ఆగిపోయి, యాత్రికులు రాత్రులు గాలిలో వ్రేలాడవలసి వచ్చినది. సైన్యము హెలికాప్టరులతో దింపవలసి వచ్చినది. ముగ్గురు ప్రాణములు కోలుపోయిరి. కావున తీగమీద ప్రాణము నుంచు చోట "తక్కువ ధరయే మంచి ధర" అని గంజ్‌లో పలికినట్లు పలుకరాదు. తీగను చూచువానికి, చెట్టును కొట్టువానికి, గాలిని కొలిచి యంత్రము నాపువానికి ఇచ్చెడి జీతము ఆ టిక్కెట్టులో నున్న మేరకు ఆ రూపాయి సద్వ్యయమే.

అయినను, మహాశయులారా, ఖర్చుతోనే 329 డాలర్లును సమాధానపడవు. అదే సంస్థ అదే కొండకు మరియొక ధరను కూడ పెట్టినది. ఆ రెండవ ధరను చూచిననే మొదటి ధర యొక్క రహస్యము తెలియును.

2008లో ఆ సంస్థ సంవత్సరపు పాసు నొకదానిని 579 డాలర్లకు అమ్మకమునకు పెట్టినది. ఒక్క కొండకు గాక తన కొండలన్నిటికిని అది చెల్లునని చెప్పినది. 2024–25 శీతకాలపు పాసును 2024 మార్చిలోనే 982 డాలర్లకు అమ్మనారంభించినది. ఇప్పుడు గుణించి చూడుడు. గవాక్షమువద్ద దినపు టిక్కెట్టు 329. మూడు దినములకు 987. అనగా మూడు దినములు జారువానికే పాసు ఐదు డాలర్ల తక్కువకు వచ్చినది! నాలుగవ దినము మొదలుకొని తక్కిన శీతకాలమంతయు ఉచితమే. ఇరువది దినములు జారువానికి దినమునకు 49 డాలర్లు పడును. ఇది 1962 నాటి 5 డాలర్లకు 2024 లెక్కలో సమానమైన 52 డాలర్లకంటె తక్కువయే గదా!

కనుక ధర పెరిగినదన్న మాటయు నిజమే, పెరుగలేదన్న మాటయు నిజమే. ముందుగా నిశ్చయించుకొనినవానికి పెరుగలేదు. ప్రొద్దున లేచి, ఆకాశము చూచి, కారెక్కి వచ్చినవానికి ఆరింతలు పెరిగినది. గవాక్షముమీది 329 డాలర్లు నిజముగా అమ్ముటకు పెట్టిన ధర మాత్రమే గాదు. దానిని చూచి జనులు జడిసి ముందుగా పాసు కొనవలెనని పెట్టిన ధర. సంతలో ఒక వర్తకుడు చిల్లర ధరను ఆకాశమునకు కట్టి, "బస్తా తీసికొన్నచో ఇంత" అని చెవిలో చెప్పుట మనమెరుగనిదా? చిల్లర ధర అక్కడ బస్తాను అమ్మిపెట్టు గుమాస్తా.

సంస్థకు దీనివలన లాభమేమి? బయానా! మంచు పడునో పడదో దేవునికే యెరుక. మంచు పడకమునుపే, ఎండకాలముననే సొమ్ము గల్లాలో పడును. మంచు పడకపోయిన నష్టములో సగము కొనినవానిది. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున కొండలన్నియు నడిమిలో మూతపడినప్పుడు పాసుదారులు సొమ్ము తిరిగి పొందలేదు. మరుసటి యేటి పాసులో కొంత తగ్గింపును మాత్రమే పొందిరి. బయానా యిచ్చినవాడు బేరములో పాలివాడగును. కాబట్టి తక్కువ ధర దానము గాదు. నష్టభయమును మనమీదికి తీసికొనినందుకు వచ్చిన ప్రతిఫలము.

స్విట్జర్లాండులో సాస్-ఫే అను చిన్న ఊరు 2016లో ఈ సూత్రమునే చివరివరకు లాగి చూచినది. వేలకొలది జనులు ముందుగా ఒప్పుకొనినచో శీతకాలమంతటికిని 222 ఫ్రాంకులకే పాసు నిత్తుమని ప్రకటించి, జనులను చేర్చుకొని, అట్లే యిచ్చినది. కొండ అదే, తీగ అదే. గిరాకి ముందుగా తెలిసిన ధర తగ్గును, తెలియనిచో పెరుగును.

ఇది మన రైళ్ళలో లేనిదా? 1997లో తత్కాల్ టిక్కెట్టు వచ్చినది. తొందర పడినవాడు అదే బల్లకు ఎక్కువ యిచ్చును. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో బల్లలు నిండుకొలది ఛార్జీ పెరుగు పద్ధతిని పెట్టిరి. కాని దానికి అప్పుడు ఒకటిన్నర రెట్లని కట్టడి పెట్టిరి. కొండమీది వర్తకునికి అట్టి కట్టడి లేదు. భేదమంతయు అక్కడనే యున్నది.

ఇప్పుడు మూలప్రశ్నకు వత్తము. విలువ యున్నదా, లేదా? నా సమాధానము ఇది: విలువ టిక్కెట్టులో లేదు, ఎక్కెడివానిలో నున్నది. 329 డాలర్ల టిక్కెట్టును తీసికొని, నేర్పరియైనవాడు ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు ఇరువది మారులు దిగెననుకొనుడు. మారునకు 16 డాలర్లు పడినవి. క్రొత్తవాడు నాలుగు మారులు పడుచు లేచుచు దిగెను. మారునకు 82 డాలర్లు పడినవి. పైగా ఆ క్రొత్తవానికి కొండ శిఖరముతో పనియే లేదు. క్రింద పిల్లలు నేర్చు మెట్టవాలుమీద, నేలమీద నడుచు పట్టాపై నిలిచి పైకి పోయిన చాలును. అతడు మొత్తము కొండకు వెల యిచ్చి మడిచెక్కలో ఆడినట్లు. చెక్కు పలకల అద్దె, బూట్ల అద్దె, గురువుగారి పాఠము, మధ్యాహ్న భోజనము, కారు నిలుపు రుసుము అన్నియు టిక్కెట్టు వెలుపలి లెక్కలు. క్రొత్తవానికి పాఠము ధర పెక్కుచోట్ల టిక్కెట్టు ధరను మించును.

కావున మన పిల్లలకు నేను చెప్పునది సూటిగా చెప్పెదను. మొదటిసారి మంచుమీద నిలువబోవువారు పేరుమోసిన పెద్ద కొండకు పోరాదు. ఊరి కొండలు, చిన్న కొండలు అక్కడ నెన్నియో కలవు. వాటిలో ధర ఎంతో తక్కువ. అక్కడ పడి లేచి నేర్చుకొని, ఇష్టము నిలిచినదని తేలినపుడు ఎండకాలముననే పాసు కొనవలెను. కొలరాడోలో చిన్న తరగతుల పిల్లలకు కొన్ని దినములు ఉచితముగా నిచ్చెడి ఏర్పాట్లు గలవు. కుటుంబములతో నున్నవారు వాటిని విచారింపవలెను. సెలవులకు ఇక్కడనుండి పోయిన తల్లిదండ్రులను మాత్రము, "ఇంతదూరము వచ్చిరి గదా" యని దినపు టిక్కెట్టు కొని మంచుమీదికి నెట్టవద్దు. చాలచోట్ల నడిచి చూచువారికి మాత్రమే యైన లిఫ్టు టిక్కెట్టు వేరుగా నుండును. కొండను చూచుటకు అది చాలును.

ఒక్క మాట మరువరాదు. ధర హెచ్చిన చోట పనివాని చేతికి హెచ్చుగా చేరుచున్నదా? యూటా రాష్ట్రమందలి పార్క్ సిటీ కొండయు వేయిల్ సంస్థదే. 2024 డిసెంబరు 27 మొదలు దాదాపు రెండు వారములు అక్కడి రక్షకదళమువారు సమ్మె చేసిరి. ప్రమాదమున పడినవారిని ఎత్తెడివారు, హిమపాతములను జార్చెడివారు వారే. మొదటి జీతము గంటకు 21 డాలర్లనుండి 23 డాలర్లకు పెంచుమని వారు కోరిరి. క్రిస్మస్ సెలవుల రద్దీలో రక్షకులు లేక పెక్కు వాలులు మూతపడినవి. వేలకొలది రూపాయలిచ్చి వచ్చినవారు లిఫ్టు వరుసలలో గంటలకొలది నిలిచిరి. చివరకు జీతము పెంచిరి. ఆ దినములలో వచ్చినవారికి మరుసటి పాసులో తగ్గింపు నిచ్చిరి. గంటకు రెండు డాలర్లకై బేరమాడి, ఒక్క దినమునకు మూడువందల డాలర్లు తీసికొనినవారికి అపకీర్తి మిగిలినది. గంజ్‌లో హమాలీలతో పనిచేయించు మనమందరమును ఈ సంగతిని చెవిని పెట్టవలసి యున్నది. బరువు మోయువాడు దిగులుగా నున్న కొట్టులో గిరాకి నిలువదు.

ఇంతవరకు అమెరికా మాట. ఇక మన యిల్లు చూచుకొందము. గుల్మార్గు రోప్‌వే మొదటి అంచె 1998లోను, అఫర్వట్ శిఖరపు భుజమువరకు పోవు రెండవ అంచె 2005లోను వచ్చినవి. దానిని నడుపునది జమ్మూ కాశ్మీరపు ప్రభుత్వ సంస్థ. రెండంచెలును కలిపి ఒక్కసారి పోయి వచ్చుటకు సుమారు రెండువేల రూపాయలగును. మంచుమీద కాలుపెట్టవలెనని ఉబలాటపడు మన యువకులకు అంతదూరపు అమెరికా కంటె ఇది దగ్గర. ఉత్తరాఖండమున ఔలీ కలదు. కాని జోషీమఠ్‌నుండి అక్కడకు నాలుగు కిలోమీటర్ల పొడవున నున్న రోప్‌వేను 2023 జనవరిలో ఆ ఊరి నేల క్రుంగినపుడు ఆపివేసిరి. కొండ మనము కట్టిన బరువునకు ఎంతవరకు ఓర్చునో చూడక తీగలు కట్టిన ఎట్లుండునో అది చెప్పుచున్నది. ఇక తెలుగునాట శ్రీశైలమున పాతాళగంగకు దిగు రోప్‌వేను మీలో ననేకులు ఎక్కియే యున్నారు. మోకాళ్ళ నొప్పులు గల మన తల్లులకు ఆ టిక్కెట్టు ఎంత విలువైనదో వారినే అడుగుడు. పదునెనిమిదేండ్ల కుర్రవానికి మెట్లుండగా అదే టిక్కెట్టు వృథా. టిక్కెట్టొక్కటే, విలువలు రెండు.

మరియొక సంగతి. తిరుమలలో సర్వదర్శనమునకు రుసుము లేదు. ప్రత్యేక ప్రవేశ దర్శనమునకు 300 రూపాయలు. శ్రీవాణి ట్రస్టునకు 10,000 రూపాయల విరాళమిచ్చి, పైన 500 రూపాయల టిక్కెట్టు తీసికొనిన బ్రేక్ దర్శనము. స్వామి దర్శనమును నేను ఆటతో పోల్చుట లేదు; అట్లు తలంపవద్దు. విరాళము గుడులు కట్టుటకు పోవుచున్నది, సంతోషమే. కాని క్యూలో నిలువకుండుటకు సొమ్ము నిచ్చుట మనకు తెలియని విద్య కాదని మాత్రము చెప్పదలచితిని. ఇచ్చినప్పుడు మనము దానిని దుబారా యనము, కాలము కలిసివచ్చినదందుము. పిల్లలు కూడ తమ కాలమును తాము అట్లే లెక్కించుకొనుచున్నారు.

మన బీదరు సరకునే చూడుడు. 2006లో భౌగోళిక గుర్తింపు పొందిన బిద్రీ పనిలో తుత్తునాగము, రాగి కలిసిన లోహము, దానిలో పొదిగిన సన్నని వెండి, నలుపెక్కించుటకు కోటలోని పాతమన్ను. దుకాణమునకు వచ్చిన బేరగాడు చెంబు నెత్తి, "ఇందులో వెండి యెంత?" అని అడుగును. వెండి తూచిన ధర సగమునకు సగమైనను రాదు. తక్కినది ఉలి పట్టిన చేతికి. ఆ చేతిని ఎరిగినవానికి ధర తక్కువగా తోచును. ఎరుగనివానికి మోసముగా తోచును. మన సరకును ఇతరులు వెండితో తూచరాదని కోరుకొను మనము, ఇతరుల ఆటను మంచుతో తూచరాదు.

ఇక నేను ఈ విషయమును ఎత్తుకొనిన అసలు కారణము చెప్పెదను. మన కుటుంబములలో ఒకదానిలో ఈ టిక్కెట్టు కారణముననే తండ్రి కుమారులకు మాటలు నిలిచినవి. పేరు చెప్పను. ఆ తండ్రి పొలము తాకట్టు పెట్టి పిల్లవాని చదువునకు బ్యాంకు అప్పు తీసికొనినాడు. వాయిదాలు ఇంకను నడుచుచున్నవి. పిల్లవాడు ప్రతి నెలయు తప్పక సొమ్ము పంపుచునే యున్నాడు. ఒక ఆదివారము మంచుకొండమీద దిగిన ఛాయాచిత్రమును పంపి, ధర కూడ దాచక చెప్పినాడు. "అప్పుచేసి పప్పుకూడా?" అని తండ్రి అనెను. ఆ మాట పిల్లవానిని తాకినది. అప్పటినుండి సొమ్ము వచ్చుచున్నది, పలుకు రాలేదు. తల్లి నడుమ నలిగిపోవుచున్నది.

ఇందులో తండ్రి తప్పు పలికెనా? అప్పున్న యింట ప్రతి రూపాయి బరువుగా నుండును. అతని భయము న్యాయమైనది. కుమారుడు తప్పు చేసెనా? వాయిదా తప్పలేదు, ధర దాచలేదు. నాకు తోచిన లోపము వేరు. ఆ దినమున అతడు కొనినది గవాక్షపు ధర. నలుగురు స్నేహితులు శుక్రవారము రాత్రి అనుకొని, శనివారము బయలుదేరినపుడు పడు ధర. దుబారా ఆటలో లేదు, ముందుచూపు లేకపోవుటలో నున్నది. తండ్రి "ఎందుకు పోతివి?" అని అడుగుటకు బదులు "ఎట్లు కొంటివి?" అని అడిగి యుండిన, ఇద్దరును వర్తకుల వలె కూర్చుండి లెక్క వేసికొనియుందురు. నిందకు జవాబు మౌనము. లెక్కకు జవాబు లెక్క.

మనము కన్నడ దేశమున స్థిరపడిన తెలుగువారము. 1956లో రాష్ట్రములు విడిపోయినపుడు సరిహద్దు మన యింటి ముంగిట గీయబడినది. భాషను, బంధుత్వమును మాటలతోనే నిలుపుకొనుచున్నాము. మాట తెగిన యింట భాష కూడ తెగునని నేను వేరుగ చెప్ప నక్కరలేదు. దూరదేశమందలి పిల్లవాడు తెలుగున పలుకునది ఆదివారపు ఫోనులోనే. ఆ ఫోనును ఒక లిఫ్టు టిక్కెట్టునకు బలియిచ్చుట అన్నిటికంటె పెద్ద దుబారా.

కనుక పెద్దలకును, పిల్లలకును కలిపి నా తూకపు రాళ్ళు నాలుగు మనవి చేసి ముగించెదను.

మొదటిది: అప్పు వాయిదా, ఇంటికి పంపవలసిన సొమ్ము, ఆపత్కాలపు నిలువ, ఈ మూడును తీరిన పిదప మిగిలిన సొమ్ముతోనే ఆట. మంచమున్నంతవరకే కాళ్ళు చాచవలెను.

రెండవది: ఏడాదిలో ఎన్ని దినములు పోవుదురో ముందుగా నిజాయితీగా లెక్కించుకొనుడు. మూడు దినములకు మించినచో ఎండకాలమున పాసు కొనుడు. ఒక్క దినమే యైనచో పెద్ద కొండ వలదు, చిన్న కొండకు పొండు. గవాక్షము ధర తొందరపాటునకు వేసిన జరిమానా. అది ఎన్నడును కట్టవద్దు.

మూడవది: నేర్చుటకు ఇచ్చిన సొమ్ము నిలుచును, చూపుటకు ఇచ్చిన సొమ్ము కరుగును. ఛాయాచిత్రము కొరకు పోవువాడు క్రిందనే దిగవచ్చును.

నాలుగవది పెద్దలకు: ధర వినగానే రూపాయలలోనికి మార్చి బెదరవద్దు. అక్కడి సంపాదన అక్కడి నాణెమున, అక్కడి ఖర్చు అక్కడి నాణెమున. అతని ఒక దినపు జీతములో అది ఎన్నవ వంతో అడుగుడు. మనము మన బిడ్డల పెండ్లిలో ఒక పూట పందిరికి ఇచ్చిన సొమ్మును కూడ అప్పుడు జ్ఞాపకము చేసికొనుడు.

కొండ యెత్తు అందరికిని ఒక్కటే. దానిని ఎక్కుటకు ఎవడెంత యిచ్చుకొనవలెనో అది వాని యోపికను, అవసరమును, ముందుచూపును బట్టి యుండును. ధర గవాక్షమువద్ద వ్రాసి యుండును. విలువను మాత్రము ఎవరింటి ఖాతా పుస్తకములో వారు వ్రాసికొనవలెను.